ఐదో వాక్యం

“వచ్చిందే! మనకే వచ్చింది!”

మా ఆయన ఫోన్లో ఇలా అరిచేసరికి నేను యజమానిగారి స్నానాలగదిలో మోకాళ్ల మీద కూర్చుని, కుళాయి చుట్టూ ఉన్న సన్నటి సందును దూదిపుల్లతో తుడుస్తున్నాను. చెవులు తుడుచుకునే దూదిపుల్లే. నవ్వకండి. యాట్ మీద, అంటే డబ్బున్నవాళ్ల విహార పడవ మీద, ఉద్యోగం అనగానే అందరికీ నీలం సముద్రం, తెల్లచొక్కా కళ్లముందు కదులుతాయి. మాకు మాత్రం దూదిపుల్లలే.

“ఏమొచ్చింది?” అన్నాను, తెలిసే, ఇంకోసారి చెప్పించుకోవాలని.

“లాడ్జి ఉద్యోగం! ఇద్దరికీ! గది కూడా ఇస్తారట. లోపల గడియ ఉన్న గది. కిటికీ తెరుచుకుంటుందట!”

“తెరుచుకుంటుందా? నువ్వు తెరిచి చూశావా?”

“మూడుసార్లు తెరిచాను. లాడ్జి ఆవిడ ‘చాలు నాయనా, ఊడొస్తుంది’ అంది.”

నేను తొట్టి అంచు మీద కూలబడ్డాను. పనివాళ్లం అక్కడ కూర్చోకూడదు. ఆ రోజు కూర్చున్నాను. ఎదురుగా అద్దంలో ఏప్రన్ కట్టుకున్న ఒకమ్మాయి పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. ఎవరా అని చూస్తే నేనే.

మాకు పెళ్లయి అప్పటికి నలభై ఒక్క రోజులు. రిజిస్ట్రారు ఆఫీసులో పదకొండు నిమిషాల్లో అయిపోయింది; అందులో నాలుగు నిమిషాలు కలం రాయకపోవడం వల్ల. తొమ్మిది రోజులు సెలవు. ఆ తర్వాత నా పడవకి నేను, తన పడవకి తను. రెండూ ఒకే రేవులో, మధ్యలో పడవలు కట్టేసే గట్లు మూడు. తను డెక్ మీద పనిచేస్తాడు: తాళ్లు, రంగులు, కడగడం. నేను లోపల: గదులు, పక్కలు, బల్ల మీద వడ్డన. తన డెక్ చివర నిలబడితే మా పడవ కొన కనిపిస్తుందని, పొద్దున్నే ఆ కొనకి గుడ్ మార్నింగ్ చెప్పేవాడు. నేను పడుకునే అరలో లేచి కూర్చుంటే నుదురు పైబల్లకి కొట్టుకుంటుంది. గుండ్రటి అద్దం ఒకటుంది గానీ అది తెరుచుకోదు. తెరిస్తే సముద్రమే లోపలికొస్తుంది.

లాడ్జి రేవు పైన గుట్ట మీద ఉంది. నడిపేది ఒక పెద్దావిడ. ముప్పై ఏళ్లు పడవల్లో వంట చేసి, ఒడ్డెక్కి, ఈ ఎనిమిది గదులు కట్టించుకుంది. మరమ్మతులకు మగమనిషి, గదులకు ఆడమనిషి, ఇద్దరూ భార్యాభర్తలై ఉండాలని ఆవిడ పట్టు. “ఒంటరివాళ్లు నాకొద్దు. సాయంత్రమయ్యేసరికి సముద్రం కేసి చూస్తూ కూర్చుంటారు, పక్క దులపరు” అందట. వచ్చే నెల ఐదో తారీఖుకి చేరిపోవాలి. ఒకే ఒక్క షరతు. “ఎలా వదిలి వస్తున్నారో మీ కెప్టెన్లని అడుగుతాను. వదలడం చేతకానివాడికి పట్టుకోవడమూ రాదు.”

వదలడం ఎలాగో నాకు మా అక్క నేర్పింది. సొంత అక్క కాదు. మా పడవలో లోపలి పనికి పెద్ద. రెండేళ్ల కిందట ఒక పిల్ల ఏప్రన్ విప్పి నీళ్లలోకి విసిరి దిగిపోయినప్పుడు, ఆ ఏప్రన్‌ని కొక్కేనికి తగిలించి పైకి లాగుతూ అక్క చెప్పింది:

“చూడవే. వచ్చినరోజు నీ పేరు ఎవడికీ తెలీదు. వెళ్లినరోజే తెలుస్తుంది. అతిథులుండగా రాజీనామా ఇవ్వకు. మొదట కెప్టెన్ చెవినే పడాలి, నాకైనా ఆ తర్వాతే. కాగితం మీద నాలుగే వాక్యాలు. మానేస్తున్నాను. ఫలానా తేదీ ఆఖరు. పని అప్పగిస్తాను. కృతజ్ఞతలు. ఐదోది రాయకు.”

“ఐదోది రాస్తే?”

“నాలుగు దాటితే అది ఉత్తరమైపోద్ది. ఉత్తరాలు మనకెందుకు?”

అన్నీ పాటించాను. అతిథులు దిగిపోయేదాకా ఆగాను. అక్కకి చెప్పకుండా నాలుక కరుచుకుని తిరిగాను. మర్నాడు మధ్యాహ్నం బట్టలుతికే గదిలో, వెచ్చగా తిరుగుతున్న ఆరబెట్టే మిషను మీద కాగితం పెట్టి రాశాను. మిషను కింద నుంచి కితకితలు పెడుతోంది. ఉతికిన దుప్పట్ల వాసన. కిటికీ తెరుచుకుంటుందట! నాలుగు వాక్యాలూ అయిపోయాయి. కింద ఇంకా బోలెడు తెల్లకాగితం ఉంది. నాకు ఈ పడవ మీదా, కెప్టెన్ మీదా, దూదిపుల్లల మీద కూడా ప్రేమ పొంగుకొచ్చేసింది. రాసేశాను:

“నా స్థానంలో తగిన మనిషి దొరికి, పని పూర్తిగా అప్పగించేదాకా పడవను విడిచి వెళ్లనని మాట ఇస్తున్నాను.”

ఫొటో తీసి మా ఆయనకి పంపాను. వెంటనే ఫోను.

“ఇది రాజీనామానా, శుభలేఖా? కింద ‘సకుటుంబ సపరివార సమేతంగా’ అని కూడా రాయకపోయావా?”

“మర్యాదగా ఉండాలని రాశానండీ.”

“అండీ ఏంటి కొత్తగా?”

“పెళ్లయింది కదా, అని చూస్తున్నా. నీకెలా ఉంది?”

“చెవిలో చీమ పాకినట్టుంది. ఇంకోసారి అను.”

ఆ చివరి వాక్యం తీసేయమని తనూ అనలేదు. తనకీ ఆ పూట లోకమంతా మంచిగానే కనిపిస్తోంది.

కెప్టెన్ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. తర్వాత లేచి నిలబడి నా చేయి పట్టుకుని ఊపాడు. “ఇరవై ఏళ్లలో ఇంత పద్ధతిగా రాజీనామా ఇచ్చినవాళ్లని చూడలేదమ్మాయ్. యజమాని ఆఫీసుకి ఒక నకలు పంపిస్తాను. వాళ్లూ నేర్చుకోవాలి.” నాకు ఈల వేయాలనిపించింది. పడవలో ఈల వేయకూడదు కాబట్టి మెట్లు రెండేసి చొప్పున దిగాను.

మెట్ల కింద వంటబాబాయ్ ఉల్లిపాయలు తరుగుతున్నాడు. “ఎప్పుడమ్మా ప్రయాణం?”

“మీకెవరు చెప్పారు బాబాయ్?”

“నీ మొహం చెప్పింది. పడవలో రహస్యం, జల్లెడలో నీళ్లు.”

అక్క మాత్రం రాత్రి భోజనాల దగ్గర కాగితం నకలు చదివి, స్పూను కింద పెట్టింది. “ఐదోది ఎందుకు రాశావే?”

“సంతోషంలో…”

“సంతోషంలో మాట ఇవ్వకూడదు, కోపంలో జవాబు ఇవ్వకూడదు అంటారు, వినలేదా?” అంది. ఇంకేమీ అనలేదు. నా పళ్లెంలో ఇంకో ముక్క వేసింది.

మా ఆయన రాసినవి నాలుగే. వాళ్ల కెప్టెన్ అది చూసి, “సరే, సాయంత్రానికి సంచి సర్దుకో” అన్నాడట. కొన్ని పడవల్లో అంతే. మనసు ఒడ్డెక్కినవాణ్ని డెక్ మీద ఉంచరు. తను పడవవాళ్ల హాస్టల్‌కి మారాడు. గదికి ఎనిమిది మంచాలు, ముప్పై రోజులు దాటి ఎవరినీ ఉంచరు. “ఏడుగురు గురకపెడతారు. ఎనిమిదోవాణ్ని నేను, వింటాను” అనేవాడు.

నాలుగో రోజున లాడ్జి పెద్దావిడ మా కెప్టెన్‌కి ఫోన్ చేసిందట. ఆయన నా కాగితం మొత్తం ఆవిడకి చదివి వినిపించాడు. ఆవిడ ఐదో వాక్యం రెండోసారి చదివించుకుని, “ఈ పిల్లే కావాలి” అందట. ఆ సంగతి నేను అక్కకి గొప్పగా చెప్పాను. అక్క దిండుగలీబు మడతపెడుతూ, “మంచిదే” అంది.

ఆ రెండు వారాలూ నేను నేల మీద నడవలేదు. నా తర్వాత వచ్చే అమ్మాయి కోసం అప్పగింతల పుస్తకం రాశాను. ఏ గదిలో ఏ దిండు ఎటు తిప్పి పెట్టాలి, యజమానిగారి తల్లికి టీ కప్పు చెవి ఎడంవైపు ఎందుకు ఉండాలి, ఏ సొరుగు మోకాలితో నెడితే గానీ మూసుకోదు, అన్నీ. “మన పెళ్లిలో జరగని అప్పగింతలు ఇప్పుడు జరుగుతున్నాయన్నమాట. ఏడవ్వేం?” అని మా ఆయన ఏడిపించేవాడు. తను గుట్టెక్కి కిటికీ కొలత తీసుకొచ్చాడు, టేపు లేక చేత్తోనే: నాలుగు జానల వెడల్పు, ఆరు జానల మీద బెత్తెడు పొడవు. నా జానా, తన జానా ఒకటి కాదు కదా! అందుకని గట్టు మీదకొచ్చి తన చెయ్యి చాపాడు, నేను పడవ మీంచి వంగి దారంతో కొలుచుకున్నాను. కిటికీ తెర కోసం తెచ్చుకున్న పసుపుపచ్చ బట్టకి సన్నటి తెల్లగీతలు. ఖాళీ దొరికిన ప్రతి అరగంటా అంచు కుట్టాను. కుట్టి పంపిస్తే, మేం ఉద్యోగంలో చేరకముందే తీసుకెళ్లి తగిలించేశాడు.

పద్దెనిమిదో రోజున నా స్థానంలో ఒకమ్మాయి వచ్చింది. హోటల్లో పనిచేసిన పిల్ల, చేతులు చురుకు. మూడో రోజుకి కళ్లు తిరిగి మంచం దిగలేదు. పడవ అప్పటికి తాళ్లతో గట్టుకి కట్టే ఉంది. “కట్టేసిన గేదె కూడా ఇంతకంటే ఎక్కువ కదులుతుంది కదమ్మా” అని వంటబాబాయ్ మజ్జిగ ఇచ్చి గట్టు దాటించి వచ్చాడు.

ఇరవై ఐదో రోజున రెండో ఆమె వచ్చింది. పెద్దామె, అనుభవం ఉంది, నా పుస్తకం చూసి మెచ్చుకుంది కూడా. కానీ నిప్పంటుకుంటే ఏం చేయాలో నేర్పే శిక్షణ కాగితం గడువు రెండు నెలల కిందటే దాటిపోయింది. మళ్లీ పరీక్ష రాసి రావాలంటే ఆరు వారాలు. ఆ కాగితం లేని మనిషిని లెక్కలో వేసుకుని పడవ కదల్చకూడదు. పైగా ఇంతమంది లేనిదే మా పడవ రేవు దాటకూడదని నియమం. ఆమె మెట్ల దగ్గర బుట్టలోంచి తన చెప్పులు తీసుకుని తొడుక్కుంటుంటే నేను పక్కన నిలబడి ఉన్నాను. పడవ మీద అందరం ఉత్తికాళ్లతోనే ఉంటాం. “బాధపడకమ్మా, ఇంకెవరైనా దొరుకుతారు” అని నన్నే ఓదార్చింది. ఆ సీజన్ మొదట్లో ఒడ్డున ఖాళీగా ఉన్నవాళ్లు ఇంకెవరూ లేరని ఇద్దరికీ తెలుసు.

ఒకటో తారీఖున కెప్టెన్ పైకి రమ్మన్నాడు. నా నోటీసు నెల మర్నాటితో అయిపోతుంది. ఆయన ముందు ఫైలు తెరిచి ఉంది. పైన నా కాగితం.

“యజమాని దగ్గర్నుంచి కబురొచ్చింది. నాలుగో తారీఖున అవతలి తీరానికి బయల్దేరాలి. దాటడానికి మూడు వారాలు. అక్కడ వాళ్ల అతిథులు రెండు నెలలు. మధ్యలో మనిషిని మార్చే వీలుండదు.”

“సర్, నాకు ఐదో తారీఖున…”

“తెలుసు.” ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. “నిన్ను ఆపే హక్కు నాకు లేదు. నెల నోటీసు ఇచ్చావు, అయిపోయింది. రేపు దిగి వెళ్లిపోతానంటే సంతకం పెట్టి ఇస్తాను. కానీ ఇది నువ్వు రాసిందే. నువ్వు రాయకపోతే నేను అడిగేవాణ్ని కాదు. యజమాని ఆఫీసు ఈ వాక్యం చూసుకునే, తొందరపడకుండా మనుషుల్ని వెతికింది. ఇప్పుడు నువ్వు లేకపోతే పడవ ఇక్కడే ఉండిపోద్ది. మిగతా ఎనిమిదిమందినీ ఇంటికి పంపించేస్తారు.”

“లాడ్జి ఆవిడ మళ్లీ అడిగితే ఏం చెప్తారు సర్?”

“జరిగిందే చెప్తాను. అబద్ధం చెప్పలేనమ్మాయ్.”

ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను. రాలేదు. ఆయన గొంతులో ఎక్కడా కరుకు లేదు. పక్కన నా కోసమే తెప్పించిన టీ ఉంది. నేను దాన్ని తాగాను కూడా, చల్లారిపోతుందని.

బట్టల గదిలోకి వెళ్లి లాడ్జికి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను. “మూడు నెలలు ఆగగలరా అమ్మగారూ?”

“నా గదులు పదో తారీఖు నుంచి నిండుతాయి తల్లీ. ఎనిమిది గదులూ నేనొక్కదాన్నే దులపలేను. నడుం వంగదు.”

“పోనీ… నేను మానేసి వచ్చేస్తే?”

అవతల గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు వినపడింది.

“నువ్వు మాట మీద నిలబడే పిల్లవనే కదా నిన్ను రమ్మన్నాను. మాట తప్పి వస్తే నువ్వు నాకెందుకు? మాట నిలబెట్టుకుంటే ఎప్పటికొస్తావు?”

నేను వేళ్ల మీద నెలలు లెక్కపెట్టాను; ఎటు లెక్కపెట్టినా మూడే. చివరికి ఆవిడే, “ఇంకో జంట అడిగి ఉన్నారు. వాళ్లని రమ్మంటాను. ఏమనుకోకు. ఆ కిటికీ తెర తీయించి పంపించనా?” అంది.

“ఉంచేయండి అమ్మగారూ. ఆ కిటికీ కొలతకే కుట్టాను. ఇంకెక్కడా సరిపోదు.”

“బాగుంది. ఎండ పడితే గదంతా పచ్చగా ఉంటోంది,” అంది ఆవిడ. ఆ మాటకి నాకు సంతోషం వేసింది. నిజంగానే వేసింది. ఏం చేయను?

మూడో తారీఖు మధ్యాహ్నం మా ఆయన గట్టు మీదకొచ్చాడు. బయటివాళ్లు పడవ ఎక్కకూడదు. నేను రెయిలింగు తుడుస్తూ, తను గట్టు మీద నిలబడి, మధ్యలో పడవ నుంచి గట్టుకి వేసిన మెట్ల పలక. కింద నీళ్లలో ఒక నారింజ తొక్క తిరుగుతోంది.

“హాస్టల్‌లో ఈ రోజుతో ఆఖరు. రెండో గట్టు దగ్గర పడవొకటుంది, మూడు తెరచాపలది. డెక్‌కి మనిషి కావాలన్నారు. ఎక్కుతానన్నాను,” అన్నాడు.

“ఎన్నాళ్లు?”

“ఏడు నెలలు.”

“ఎటు?”

చేత్తో చూపించాడు. మా పడవ వెళ్లేది అటు కాదు.

“ఇప్పుడెక్కకపోతే ఈ సీజనంతా ఎవరూ ఎక్కించుకోరే. నాకు నిలబడ్డానికి చోటు లేదు.”

“తెలుసండీ.”

“అండీ అనకు. ఇప్పుడనకు.”

నేను తుడిచిన చోటే మళ్లీ తుడిచాను. తను కాసేపు తాడుకేసి చూసి, గొంతు తగ్గించి అన్నాడు: “దిగిపోవే. నా మాట విని దిగిపో. లాడ్జి పోతే పోయింది. ఎక్కడో చోట గిన్నెలు తోముకుని బతుకుదాం.”

“ఆ గిన్నెలు తోమించుకునేవాళ్లు కూడా కెప్టెన్‌కే ఫోన్ చేస్తారు.”

“ఈ రేవులో కాకపోతే ఇంకో ఊళ్లో.”

“అక్కా, వంటబాబాయ్, మిగతావాళ్లూ?”

పలక పొడవు ఐదడుగులు ఉంటుంది. మూడంగలేస్తే ఒడ్డు. నా కాళ్లకేసి నేనే చూసుకున్నాను. అవి వెళ్తాయేమోనని నిజంగా ఎదురుచూశాను. తుడుపుగుడ్డ చేతిలోనే ఉంది. వెనక వంటగదిలో బాబాయ్ ఏదో పాత్ర కింద పెట్టి, చప్పుడు చేయకుండా ఆగిపోయాడు. అందరూ వింటున్నారు. అందరూ విననట్టు ఉన్నారు.

“నువ్వయితే దిగేవాడివా?” అన్నాను.

తను అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాడు. నాకు తెలుసు ఆ మొహం. పెళ్లయిన దగ్గర్నుంచి కాదు, మూడేళ్లుగా తెలుసు. మళ్లీ మూసేశాడు.

“నీ చెయ్యి చాపు,” అన్నాడు. రెయిలింగు మీంచి వంగి చాపాను. తన వేళ్లకి నా వేళ్లు అందాయి, అరచేతులు అందలేదు. నీటిమట్టం తగ్గే వేళ, పడవ కిందికి దిగి గట్టు ఎత్తయిపోయింది. గోళ్ల దగ్గర తనకి రంగు అంటుకుని ఉంది, తెల్లది. గోకి తీసేశాను. ఒక వేలికి పూర్తిగా పోయింది.

“రేపు పొద్దున్నే వచ్చి చెయ్యి ఊపనా?”

“మీవాళ్లు ఎన్నింటికి ఎక్కమన్నారు?”

“ఐదింటికి.”

“మరింకెలా వస్తావు?”

“అవును కదా,” అని నవ్వాడు. నేనూ నవ్వాను. తను సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మూడో స్తంభం దగ్గర తిరిగి చూస్తాడనుకున్నాను. నాలుగో స్తంభం దగ్గర చూశాడు.

సాయంత్రం భోజనాలకి అందరం కూర్చున్నాం. అక్క నా పక్కన కూర్చుని, ఎవరూ అడక్కుండానే నా నీళ్ల గ్లాసు నింపింది. వంటబాబాయ్ నాకిష్టమని నిమ్మకాయ కేకు చేశాడు. చాలా బాగా కుదిరింది, పైన పంచదార పెళుసుగా పగులుతోంది. రెండు ముక్కలు తిన్నాను. కెప్టెన్ వచ్చి, బల్ల కొసన నిలబడి, చేతిలో కాగితం చూస్తూ చెప్పాడు:

“రేపు ఐదింటికి ఇంజన్లు. ఐదున్నరకి మెట్ల పలక లోపలికి లాగేస్తాం, ఆ తర్వాత ఎవరూ దిగడానికి లేదు. ఆరింటికి తాళ్లు విప్పుతాం. ముందు తాళ్ల దగ్గర ఇద్దరు. వెనక తాడు దగ్గర…” ఒక్క క్షణం ఆగి నా వైపు చూశాడు. “వెనక తాడు నువ్వు చూసుకో అమ్మాయ్.”

“సరే సర్,” అన్నాను.